మూడు రకాల ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను ఒకే పేజీలో చూపించడం ఎలా?

మీ ఊరి గ్రంథాలయానికో, సాహితీ సంస్థకో ఒక వెబ్ పేజీ చేసిపెడుతున్నారనుకుందాం. అందులోకి సమాచారం మూడు చోట్ల నుంచి రావాలి. సంస్థ వర్డ్‌ప్రెస్ సైటులో పడే వ్యాసాలు ఆర్‌ఎస్‌ఎస్ 2.0 ఫీడుగా, అంటే కొత్త రచనల జాబితాను ఇతర ప్రోగ్రాములు చదవగలిగేలా సైటు ఇచ్చే ఫైలుగా, దొరుకుతాయి. సభ్యుల్లో ఒకరు బ్లాగర్‌లో కథలు రాస్తుంటారు, అక్కడి ఫీడు ఆటమ్ అనే మరో రూపంలో వస్తుంది. ఇక కార్యక్రమాల పట్టికను గ్రంథాలయం వాళ్లే చేత్తో రాసి పెట్టుకుంటారు. మూడూ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లే, అంటే సమాచారాన్ని ట్యాగుల మధ్య పెట్టి రాసినవే. కానీ ట్యాగుల పేర్లు వేరు, తేదీ రాసే తీరు వేరు, లంకె ఉండే చోటు వేరు. ఈ మూడింటినీ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ స్టైల్‌షీట్లతో, అంటే ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలును మరో రూపంలోకి ఎలా మార్చాలో చెప్పే ఫైళ్లతో, ఒకే పేజీగా మలచే పద్ధతి ఇక్కడ చెబుతాను.

అసలు కిటుకు ముందే చెప్పేస్తాను: మూడింటినీ నేరుగా హెచ్‌టీఎంఎల్‌గా మార్చకండి. ముందు మూడింటినీ మీరు నిర్ణయించుకున్న ఒకే మధ్య రూపంలోకి తీసుకురండి. ఆ తర్వాతే పేజీ సంగతి చూడండి. రెండు స్టైల్‌షీట్లు, రెండు దశలు. నేరుగా మార్చేస్తే తేదీ చూపించే పద్ధతి మారిన ప్రతిసారీ మూడు చోట్ల దిద్దాలి. పేజీలో ఏదైనా తప్పు కనిపిస్తే అది ఏ మూలలో పుట్టిందో వెతుక్కోవడం ఇంకా కష్టం. మధ్యలో ఒక ఫైలుంటే దాన్ని తెరిచి చూస్తే చాలు. తప్పు అందులోనే ఉంటే మొదటి స్టైల్‌షీటుది, లేకపోతే రెండోదానిది.

ఆదేశాల పేర్లను నేనిక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. ఫైల్లో మాత్రం వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి. మీరు సొంతంగా పెట్టుకునే ట్యాగుల పేర్లు నిక్షేపంగా తెలుగులో ఉండొచ్చు, ఎక్స్‌ఎంఎల్ అందుకు ఒప్పుకుంటుంది.

ఏ పనిముట్టు వాడాలి?

ఎక్స్‌ఎంఎల్ ఫైలు పైభాగంలో స్టైల్‌షీటు పేరు రాసి, మార్చే పనిని బ్రౌజర్‌కే వదిలేసే పద్ధతి ఒకటుంది. దాన్ని వాడకండి. బ్రౌజర్లు 1999 నాటి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 దగ్గరే ఆగిపోయాయి. వేరే సైటులోని ఫైలును తెచ్చి కలపబోతే భద్రత పేరుతో అడ్డుపడతాయి. పైగా ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని తీసేసే ఉద్దేశం ఉన్నట్టు గూగుల్ క్రోమ్ బృందం 2025లో ప్రకటించింది. మార్పిడి అంతా మీ కంప్యూటర్లోనో సర్వర్లోనో ముందే చేసేసి, తయారైన హెచ్‌టీఎంఎల్ పేజీని మాత్రమే సైటులో పెట్టండి.

పనిముట్టుగా సాక్సన్ హెచ్‌ఈ తీసుకోండి. ఇది ఉచితం. జావా ఉన్న ఏ కంప్యూటర్లోనైనా నడుస్తుంది, 2017లో వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 3.0ను అర్థం చేసుకుంటుంది. లినక్సులో తేలిగ్గా దొరికే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ అనే పనిముట్టు ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0తోనే ఆగిపోతుంది. దానితోనూ పని జరుగుతుంది కానీ తేదీల దగ్గర చాలా అవస్థ పడాలి.

స్టైల్‌షీట్లు, దించుకున్న ఫీడులు, కార్యక్రమాల ఫైలు అన్నీ ఒకే ఫోల్డర్లో పెట్టుకోండి. ఫైలు తెరిచే డాక్ అనే ఫంక్షన్‌కు ఉత్త ఫైలు పేరిస్తే అది స్టైల్‌షీటు ఉన్న చోటే వెతుకుతుంది, ఇన్‌పుట్ ఫైలు ఉన్న చోట కాదు. "ఫైలు ఎదురుగా ఉన్నా దొరకలేదంటోంది" అన్న ఫిర్యాదులకు చాలాసార్లు ఇదే కారణం.

మూలాల జాబితా, మధ్య రూపం

ముందుగా మూలాల జాబితా రాసుకోండి:

<మూలాలు>
  <మూలం సంఖ్య="1" పేరు="సంస్థ వ్యాసాలు"/>
  <మూలం సంఖ్య="2" పేరు="సభ్యుల కథలు"/>
  <మూలం సంఖ్య="3" పేరు="కార్యక్రమాలు"/>
</మూలాలు>

దించుకున్న ఫైళ్లకు ఆ సంఖ్యలనే పేర్లుగా పెట్టండి. మొదటి స్టైల్‌షీటుకు ఇన్‌పుట్ ఈ జాబితాయే. అది ఒక్కో మూలం దగ్గర సంఖ్య చూసి, డాక్ ఫంక్షన్‌తో ఫైలు తెరిచి, అప్లై టెంప్లేట్స్ ఆదేశానికి అప్పగిస్తుంది. ఏ ట్యాగును ఎలా మార్చాలో చెప్పే టెంప్లేట్లను వెతికి నడిపేది ఆ ఆదేశమే. మూలం పేరును టనెల్ పరామితిగా పంపితే లోపలి టెంప్లేట్లన్నింటికీ అందుతుంది.

మూడో ఫైలు గ్రంథాలయం వాళ్లది:

<కార్యక్రమాలు>
  <కార్యక్రమం>
    <పేరు>కథా పఠనం</పేరు>
    <రోజు>2025-01-19</రోజు>
    <చోటు>గ్రంథాలయం మేడ మీది హాలు</చోటు>
  </కార్యక్రమం>
</కార్యక్రమాలు>

ఇక మధ్య రూపం. పేజీలో ఏం కనిపించాలో కాగితం మీద రాసుకుని, దానికి ఏమేం అవసరమో అవే పెట్టండి. ఫీడులో ఉన్నదల్లా మోసుకురానక్కర్లేదు. ఈ పేజీకి ఇంత చాలు:

<అంశం రకం="టపా">
  <శీర్షిక>సంక్రాంతి ముగ్గులు</శీర్షిక>
  <తేదీ>2025-01-14</తేదీ>
  <క్రమం>20250114063000</క్రమం>
  <లంకె>…</లంకె>
  <సారం>…</సారం>
  <మూలం>సంస్థ వ్యాసాలు</మూలం>
</అంశం>

తేదీ ఉండగా క్రమం ఎందుకంటారా? తేదీ మనుషులు చదవడానికి. క్రమం వరుసలో పేర్చడానికి: ఏడాది, నెల, రోజు, గంట, నిమిషం, సెకను కలిపిన 14 అంకెలు. అన్నీ అంకెలే కాబట్టి దీన్ని అక్షరాలుగా పోల్చినా, సంఖ్యగా పోల్చినా వరుస తప్పదు.

తెలుగు ట్యాగులు పెట్టేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అవసరమయ్యే మాటలు వద్దు. "లింక్‌లు" లాంటి మాటలో పొల్లు తర్వాత కంటికి కనబడని అక్షరం ఒకటి దాగి ఉంటుంది. ఒకచోట అది ఉండి, మరోచోట లేకపోతే రెండు పేర్లూ కంటికి ఒకేలా కనిపిస్తాయి కానీ టెంప్లేటు అందుకోదు. శీర్షిక, లంకె, సారం లాంటి మాటలతో ఆ బాధ లేదు.

ఏ ఫైలు ఏ రకమో గుర్తించడం

ప్రతి రకానికీ ఒక టెంప్లేటు రాయండి. ఫైలు రకాన్ని వేరు (రూట్) ఎలిమెంటే, అంటే ఫైల్లోని మిగతావన్నింటినీ తనలో పెట్టుకున్న ట్యాగే, చెబుతుంది: ఆర్‌ఎస్‌ఎస్ అయితే ఆర్‌ఎస్‌ఎస్ అనే ట్యాగు, ఆటమ్ అయితే ఫీడ్, మీదైతే కార్యక్రమాలు. వీటితోపాటు, ముక్కూమొహం తెలియని ఫైలు వస్తే దాని వేరు ఎలిమెంటు పేరును ఎక్స్‌ఎస్‌ఎల్ మెసేజ్‌తో తెరమీద చూపించే టెంప్లేటు ఒకటి తప్పకుండా ఉంచండి. దాని మ్యాచ్‌లో, అంటే టెంప్లేటు ఏ ట్యాగులకు వర్తిస్తుందో చెప్పే అట్రిబ్యూట్‌లో, ఒక ముందుగీత (/), ఒక నక్షత్రం గుర్తు (*) ఉంటే సరిపోతుంది.

కాకపోతే ఇక్కడ ప్రాధాన్యం లెక్క తెలియాలి. ఉత్త ట్యాగు పేరు రాసిన టెంప్లేటుకు ప్రాధాన్యం 0. ముందుగీతతో మొదలయ్యే దానికి 0.5. అంటే ముందుగీత, నక్షత్రం ఉన్న ఆ టెంప్లేటు మిగతా మూడింటినీ తోసేసి, వచ్చిన ప్రతి ఫైలునూ "తెలియనిది" అని తేల్చేస్తుంది. అందుకే దానికి ప్రయారిటీ అట్రిబ్యూట్‌లో -1 అని మీరే రాయండి.

ఇంకో చిక్కు. మీరు టెంప్లేటు రాయని ఎలిమెంట్లు ఎదురైతే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఊరుకోదు. వాటిలోని పాఠాన్నంతా అవుట్‌పుట్‌లోకి ఒలకబోస్తుంది. ఫైలు పైన సందర్భం లేని అక్షరాల గుట్ట కనిపిస్తే కారణం ఇదే. స్టైల్‌షీటు మొదట్లో ఎక్స్‌ఎస్‌ఎల్ మోడ్ ఆదేశం పెట్టి, ఆన్ నో మ్యాచ్ అట్రిబ్యూట్‌లో షాలో స్కిప్ అని రాస్తే ఆ పాఠం రాదు.

ఆటమ్ దగ్గర చాలామంది ఆగిపోయే చోటు

ఆటమ్‌లో ఒక్కో టపా ఎంట్రీ అనే ఎలిమెంట్‌లో ఉంటుంది. టెంప్లేటు మ్యాచ్‌లో ఎంట్రీ అని రాస్తారు, నడుపుతారు, ఏమీ రాదు. ఎర్రర్ కూడా రాదు. కారణం నేమ్‌స్పేస్, అంటే ఆ ట్యాగు పేర్లు ఏ కోవకు చెందినవో చెప్పే చిరునామా. ఫీడ్ ట్యాగులోనే నేమ్‌స్పేస్ ప్రకటన ఉంటుంది కాబట్టి లోపలి ఎలిమెంట్లన్నీ ఆ పరిధిలోకే వస్తాయి. ఎక్స్‌పాత్‌లో (స్టైల్‌షీటులో ట్యాగులను ఎంచుకునే భాషలో) ఉపసర్గ, అంటే ముందు పెట్టే చిన్న గుర్తు, లేకుండా రాసిన పేరు ఏ నేమ్‌స్పేస్‌కూ చెందనిదని లెక్క. రెండూ వేర్వేరు పేర్లు.

మీ స్టైల్‌షీటు పైన అదే నేమ్‌స్పేస్‌ను ఒక ఉపసర్గతో ప్రకటించి, ఆటమ్‌కు చెందిన ప్రతి పేరు ముందూ ఆ ఉపసర్గ పెట్టండి. నేమ్‌స్పేస్ చిరునామాను చూసి టైపు చేయకండి, ఫీడులోంచి కాపీ చేయండి. అక్షరం అక్షరం పోల్చి చూస్తారు కాబట్టి పెద్ద అక్షరం చోట చిన్నది పడినా కుదరదు. ఆర్‌ఎస్‌ఎస్ 2.0 ట్యాగులకు ఈ గొడవ లేదు, వాటికి నేమ్‌స్పేసే లేదు. కానీ వర్డ్‌ప్రెస్ రచయిత పేరును డబ్లిన్ కోర్ అనే మరో నేమ్‌స్పేస్‌లోని క్రియేటర్ అనే ఎలిమెంట్‌లో పెడుతుంది. రచయిత పేరు కావాలంటే దానికీ ఒక ఉపసర్గ కట్టాలి.

లంకెల విషయంలోనూ తేడా ఉంది. ఆర్‌ఎస్‌ఎస్‌లో లింక్ ఎలిమెంట్ లోపలి పాఠమే చిరునామా. ఆటమ్‌లో అది హెచ్‌రెఫ్ అట్రిబ్యూట్‌లో ఉంటుంది, పైగా ఒక టపాకు నాలుగైదు లింక్ ఎలిమెంట్లు ఉండొచ్చు. బ్లాగర్ ఫీడు తెరిచి చూడండి: వ్యాఖ్యల ఫీడుకొకటి, దిద్దడానికొకటి, తనకు తానే ఒకటి, చదవాల్సిన పేజీకి ఒకటి. మొదటిది తీసుకుంటే పాఠకుడు వ్యాఖ్యల ఫీడులో తేలే ప్రమాదం ఉంది. రెల్ అట్రిబ్యూట్ విలువ ఆల్టర్నేట్ అయినదాన్నే తీసుకోండి. రెల్ అసలు లేకపోయినా ఆల్టర్నేట్ కిందే లెక్క కాబట్టి ఆ షరతునూ కలపండి.

తేదీకి ఆటమ్‌లో రెండు ఎలిమెంట్లున్నాయి. అప్‌డేటెడ్ తప్పనిసరి, పబ్లిష్డ్ ఐచ్ఛికం. పబ్లిష్డ్ ఉంటే అది, లేకపోతే అప్‌డేటెడ్ తీసుకోవాలి. లేదంటే రచయిత పాత కథలో ఒక అచ్చుతప్పు దిద్దగానే అది కొత్త కథలా పైకి ఎగబాకుతుంది. ఇందుకోసం కుండలీకరణాల్లో రెండు పేర్లనూ కామాతో విడదీసి రాసి, పక్కన చదరపు బ్రాకెట్లలో 1 అని పెట్టండి. కామా బదులు నిలువు గీత పెట్టారో, మీరు రాసిన వరుసను పట్టించుకోకుండా ఫైల్లో ఏది ముందుంటే అదే వస్తుంది.

తేదీలు

ఈ పనిలో ఎక్కువ ఓపిక కావలసింది ఇక్కడే. ఆటమ్ తేదీ ఏడాది, నెల, రోజు అనే వరుసలో అంకెలతో ఉంటుంది. ఆర్‌ఎస్‌ఎస్ తేదీ పాత ఈమెయిళ్ల పద్ధతిలో ఉంటుంది: ఇంగ్లిష్‌లో వారం పేరు మూడక్షరాలు, కామా, రోజు, నెల పేరు మూడక్షరాలు, ఏడాది, సమయం, టైమ్ జోన్. దీన్ని అలాగే పేరిస్తే శుక్రవారం టపాలన్నీ ఒకచోట, సోమవారం టపాలన్నీ ఒకచోట చేరతాయి.

ఎక్స్‌పాత్ 3.1లో పార్స్ ఐఈటీఎఫ్ డేట్ అనే ఫంక్షన్ ఉంది. ఆర్‌ఎస్‌ఎస్ తేదీని దానికిస్తే అసలైన తేదీ సమయంగా మార్చి ఇస్తుంది. సాక్సన్ తీసుకోమన్నది ముఖ్యంగా దీనికోసమే. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ మాత్రమే దిక్కయితే ఒక ఉపాయం ఉంది. పన్నెండు నెలల మూడక్షరాల పేర్లనూ ఖాళీ లేకుండా ఒకే మాటగా గుదిగుచ్చండి. అందులో మీ నెల పేరుకు ముందున్న భాగం పొడవును 3తో భాగించి 1 కలపండి. మార్చికి ముందు 6 అక్షరాలుంటాయి, 3తో భాగిస్తే 2, ఒకటి కలిపితే 3. నెల సంఖ్య వచ్చేసింది. టైమ్ జోన్ సవరణ మాత్రం అక్కడ మీరే లెక్కకట్టాలి.

ఆ సవరణ వదిలేయొచ్చులే అనుకోకండి. వర్డ్‌ప్రెస్ తన ఫీడులో సమయాన్ని గ్రీనిచ్ లెక్కలో ఇస్తుంది. బ్లాగర్ రచయిత ఎంచుకున్న టైమ్ జోన్‌లో ఇస్తుంది. సంక్రాంతినాడు, అంటే 2025 జనవరి 14న, తెల్లవారుజామున మూడింటికి సంస్థ సైటులో వ్యాసం పెడితే వర్డ్‌ప్రెస్ ఫీడులో అది 13వ తేదీ రాత్రి తొమ్మిదిన్నర అని ఉంటుంది. సవరించకుండా చూపిస్తే పండగ వ్యాసం భోగినాడు పెట్టినట్టవుతుంది. అడ్జస్ట్ డేట్‌టైమ్ టు టైమ్‌జోన్ అనే ఫంక్షన్‌కు ఐదున్నర గంటల వ్యవధి ఇచ్చి అన్నింటినీ భారత కాలమానంలోకి తెచ్చాకే తేదీనీ క్రమాన్నీ రాయించండి. మీ పాఠకులు ఎక్కువమంది అమెరికాలో ఉంటే అక్కడి లెక్కే పెట్టుకోండి. ఏ జోన్ అయినా సరే, అన్నింటికీ ఒకటే ఉండాలి.

కార్యక్రమాల ఫైల్లో సమయం లేదు కాబట్టి రోజులోని అడ్డగీతలు తీసేసి చివర ఆరు సున్నాలు చేర్చండి.

సారం: తెలుగును ఎక్కడ తెంపాలి?

ఫీడుల్లో టపా పాఠం చాలావరకు హెచ్‌టీఎంఎల్ ట్యాగులతో సహా, కానీ ఉత్త అక్షరాలుగా వస్తుంది. అలాగే చూపిస్తే పేజీ మీద ట్యాగులు కనిపిస్తాయి. డిజేబుల్ అవుట్‌పుట్ ఎస్కేపింగ్ వాడితే అవి పోతాయని ఎవరైనా చెబితే వినకండి. అవతలివాళ్లు మూయడం మరిచిన ఒక్క ట్యాగు మీ పేజీ మొత్తాన్ని చెడగొడుతుంది, వాళ్ల స్క్రిప్టులు మీ పేజీలో నడుస్తాయి. పూర్తి పాఠం మనకు అవసరం లేదు కూడా. శీర్షిక, నాలుగు మాటలు, రచయిత పేజీకి లంకె ఉంటే చాలు. చదవాలనుకున్నవారు రచయిత దగ్గరికే వెళ్లాలి, అదే న్యాయం.

రీప్లేస్ ఫంక్షన్‌తో కోణపు గుర్తుల మధ్య ఉన్నదంతా తీసేసి దాని స్థానంలో ఒక ఖాళీ పెట్టండి. ఏమీ పెట్టకపోతే ఒక పేరా చివరి మాట, తర్వాతి పేరా మొదటి మాట అతుక్కుపోతాయి.

ఇప్పుడు కుదించాలి. ఇంగ్లిష్ ఉదాహరణల్లో చూసినట్టు సబ్‌స్ట్రింగ్‌తో 200 అక్షరాల దగ్గర కోసేయకండి. కంప్యూటర్ లెక్కలో "క్షే" ఒక అక్షరం కాదు, నాలుగు సంకేతాలు: క, పొల్లు, ష, ఏత్వం. కోత ఏత్వానికి ముందు పడితే "క్షేత్రం" కాస్తా "క్ష" దగ్గర ఆగుతుంది. పొల్లు తర్వాత పడితే "క్" మిగులుతుంది. అందుకే మాటల లెక్కన కోయాలి. నార్మలైజ్ స్పేస్‌తో ఖాళీలు సరిచేసి, టోకనైజ్‌తో మాటలుగా విడదీసి, మొదటి ముప్పై మాటలు తీసుకుని, స్ట్రింగ్ జాయిన్‌తో ఖాళీ పెట్టి కలపండి. చివర మూడు చుక్కలు.

రెండో స్టైల్‌షీటు: పేజీ

మొదటి దశ నడిపి, మధ్య ఫైలు తెరిచి చదవండి. ఒక్కో మూలం నుంచి కనీసం ఒక అంశాన్ని అసలు సైటుతో పోల్చి చూశాకే ముందుకు వెళ్లండి.

అన్నీ ఒకే రూపంలో ఉన్నాయి కదా అని అన్నింటినీ ఒకే వరుసలో పేర్చకండి. టపా తేదీ జరిగిపోయినది, కార్యక్రమం తేదీ జరగబోయేది. కొత్తవి పైన వచ్చేలా అన్నీ కలిపి పేరిస్తే మూడు నెలల తర్వాతి సభ అన్నింటికన్నా పైన, రేపటి కథా పఠనం దానికింద వస్తాయి. రకం అట్రిబ్యూట్ ఉన్నది ఇందుకే. పైన కార్యక్రమాలు: ఈరోజు మొదలుకొని ముందుకు, దగ్గరి తేదీ ముందు. కింద టపాలు: క్రమం ప్రకారం కొత్తది ముందు. "ఈరోజు" ఏదో తేల్చేటప్పుడూ కరెంట్ డేట్‌టైమ్‌ను భారత కాలమానంలోకి మార్చి, ఎనిమిది అంకెలుగా రాసి, క్రమంలోని మొదటి ఎనిమిది అంకెలతో పోల్చండి. సర్వరు వేరే దేశంలో ఉంటే దాని క్యాలెండరు మనకు పనికిరాదు.

తేదీని తెలుగులో చూపించడానికి ఫార్మాట్ డేట్ ఫంక్షన్‌కు తెలుగు భాష సంకేతం ఇస్తే, సాక్సన్ ఉచిత కూర్పులో ఇంగ్లిష్ నెల పేరే వస్తుంది. దానిముందు భాష దొరకలేదన్న గుర్తు కూడా చదరపు బ్రాకెట్లలో పడుతుంది. మీరే ఒక వరుస రాసుకోండి:

('జనవరి', 'ఫిబ్రవరి', 'మార్చి', 'ఏప్రిల్', 'మే', 'జూన్', 'జూలై', 'ఆగస్టు', 'సెప్టెంబరు', 'అక్టోబరు', 'నవంబరు', 'డిసెంబరు')

దీని పక్కన చదరపు బ్రాకెట్లలో తేదీ నుంచి తీసిన నెల సంఖ్య పెడితే పేరు వచ్చేస్తుంది. అది సంఖ్యగానే ఉండాలి. అక్షరాలుగా ఉంటే పన్నెండు నెలలూ వరసగా అచ్చవుతాయి.

ఒకే కథ సంస్థ సైటులోనూ, రచయిత బ్లాగులోనూ పడటం మామూలే. లంకెలు వేరు కాబట్టి శీర్షికతోనే పట్టుకోవాలి. ఫర్ ఈచ్ గ్రూప్‌లో శీర్షిక ఆధారంగా గుంపులు చేసి, ప్రతి గుంపులో మొదటిదే చూపండి. గుంపు చేసేముందు శీర్షికకు నార్మలైజ్ యూనికోడ్ వాడండి, కనబడని ఆ జాయినర్ అక్షరాన్ని ట్రాన్స్‌లేట్‌తో తీసేయండి. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయొచ్చు, రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. ఈ శుద్ధి చేయకపోతే ఒకే శీర్షిక రెండుగా నిలబడుతుంది.

లంకె రాసేముందు అది హెచ్‌టీటీపీతోనే మొదలవుతోందా అని స్టార్ట్స్ విత్‌తో చూడండి. కాకపోతే శీర్షికను లంకె లేకుండా చూపండి. అవుట్‌పుట్ పద్ధతి హెచ్‌టీఎంఎల్, కూర్పు 5, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8. హెచ్‌టీఎంఎల్ ట్యాగుకు భాష తెలుగు అని పెట్టడం మరవకండి. తెరమీది పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ గుర్తు చూసే తెలుగు గొంతుకు మారుతుంది.

రోజూ నడపడం

కార్యక్రమాల గడువు తేదీతో ముడిపడి ఉంది కాబట్టి పేజీ రోజుకొకసారైనా కొత్తగా తయారవ్వాలి. క్రాన్‌లో, అంటే చెప్పిన వేళకు ఆదేశాలు నడిపే పనిముట్టులో, పెట్టండి. వరుస ఇది: ఫీడులు తాత్కాలిక పేర్లతో దించుకోవడం, ఒక్కొక్కటీ సరైన ఎక్స్‌ఎంఎలేనా అని ఎక్స్‌ఎంఎల్‌లింట్‌తో చూడటం, సరైనవైతేనే అసలు పేరుకు మార్చడం, ఆపైన రెండు దశలు. ఎక్స్‌ఎంఎల్‌లో ఒక్క ట్యాగు తప్పినా ఆ ఫైలు మొత్తం చదవబడదు. అవతలి సైటు ఆ రోజు పనిచేయక ఫీడు బదులు ఎర్రర్ పేజీ పంపినా అంతే. ఈ పరీక్ష ఉంటే అలాంటి రోజున నిన్నటి ఫైలే మిగులుతుంది, పేజీ ఆగదు. ఒక్క టపాలో తేదీ పాడై ఉంటే మొత్తం మార్పిడి నిలిచిపోకుండా తేదీ మార్చే చోట ఎక్స్‌ఎస్‌ఎల్ ట్రై, క్యాచ్ పెట్టి, ఆ టపాను వదిలేసి దాని శీర్షికను మెసేజ్‌గా రాయించండి.

రేపు నాలుగో మూలం వస్తే, అది పాత ఆర్‌ఎస్‌ఎస్ 1.0 ఫీడు కావొచ్చు, పక్క ఊరి గ్రంథాలయం పుస్తకాల పట్టిక కావొచ్చు, జాబితాలో ఒక వరస చేర్చి, దాన్ని మధ్య రూపంలోకి తెచ్చే టెంప్లేట్లను వేరే ఫైల్లో రాసి, ఎక్స్‌ఎస్‌ఎల్ ఇన్‌క్లూడ్‌తో మొదటి స్టైల్‌షీటులో కలపండి. రెండోదాన్ని ముట్టుకోనక్కర్లేదు.